ముదిమిని అడిగే సాక్ష్యం

మానవజాతి ఆదినుంచీ దీర్ఘాయుర్దాయాన్ని వరంగా కోరుకున్నది. పెద్దలు పిన్నలను దీవించేటప్పుడు నూరేండ్లు బ్రతకమనే దీవించారు. గడచిన రెండు మూడు తరాలలో ఆ దీవెన చాలవరకు ఫలించినది. మశూచి రూపుమాసినది, గత్తర వచ్చి ఊళ్ళకు ఊళ్ళు తుడిచిపెట్టుకొనిపోయే రోజులు గతించినవి, పురిటిలో తల్లులు పోవడం తగ్గినది. ఒకప్పుడు ఊరికొకరుగా, అపురూపంగా కనిపించిన డెబ్బది యేండ్ల మనిషి నేడు ప్రతి వీధిలోనూ అరుగు మీద కూర్చుని ఉన్నాడు. భారతదేశంలో 2011 జనాభా లెక్కల నాటికే అరవై యేండ్లు దాటినవారి సంఖ్య పది కోట్లకు పైబడినది. శ్రీలంకలో 2012 లెక్కల ప్రకారం ఇంచుమించు ప్రతి ఎనిమిదిమందిలో ఒకరు అరవై దాటినవారు. ఆయుర్దాయం పెరిగినది, పెరిగిన ఆయువును ఎవరు మోయవలెననే ప్రశ్న మాత్రం తెగలేదు.

ఈ ప్రశ్నను సాధారణంగా ఒక తగవుగా చెప్పడం వాడుక. ముసలివారిని బిడ్డలు చూడవలెనా, ప్రభుత్వం చూడవలెనా అన్నదే ఆ తగవు. కాని భారతదేశంలో గాని, దాని ఇరుగుపొరుగు దేశాలలో గాని వృద్ధులు ఈ రెంటిలో ఒక్కదానిమీదనే ఆధారపడి బ్రతకడం లేదు. కొడుకు పెట్టే ముద్ద, కూతురు పంపే సొమ్ము, సర్కారు ఇచ్చే పింఛను, పొరుగువారు తెచ్చి ఇచ్చే మందుబిళ్ళ, ఇవన్నీ కలిస్తేనే ఒక వృద్ధుని రోజు గడుస్తున్నది. కనుక ఎవరు చూడవలెననే ప్రశ్నకంటె మరొక ప్రశ్న ఎక్కువ ఉపయోగకరమైనది. సహాయం తన చేతికి రావడానికి ముందు వృద్ధుడు దేనిని రుజువు చేసుకోవలసి వస్తున్నది? కొన్ని చోట్ల బిడ్డలు దుర్మార్గులని రుజువు చేయవలె. కొన్ని చోట్ల తాను నిరుపేదనని రుజువు చేయవలె. ఒకటి రెండు చోట్ల తన వయస్సు ఇంత అని చూపితే చాలు. ఈ మూడు విధాల సాక్ష్యాలను బట్టి ఆయా దేశాలు తమ పెద్దలను ఎట్లా చూస్తున్నవో చాలవరకు తెలిసిపోతుంది.

కదిలిపోయిన ఇల్లు

చట్టాలను గురించి తలచుకునే ముందు ఇంటిని గురించి తలచుకోవలె. పూర్వం ఉమ్మడి కుటుంబంలో వృద్ధులకు లోటు లేదనీ, పాశ్చాత్య నాగరికత వచ్చి దానిని చెడగొట్టినదనీ ఒక వాదం తరచు వినవస్తుంది. దీనిని పూర్తిగా నమ్మడం కష్టం. భారతంలో ఆశ్రమవాస పర్వం చదివినవారికి ధృతరాష్ట్రుని చివరి రోజులు తెలియనివి కావు. ధర్మరాజు పెదతండ్రికి ఏ లోటూ రానీయలేదు. రాజభోగాలన్నీ యథాప్రకారం జరిగినవి. అయినప్పటికీ పదిహేను సంవత్సరాల తరువాత ఆ వృద్ధుడు అడవికి పోవడానికే నిశ్చయించుకున్నాడు. భీముడు వినబడేటట్లు అన్న మాటలు అతని మనస్సును కోసినవి. అన్నం పెట్టడం వేరు, అన్నం తినేవానికి తలయెత్తుకునే వీలు కల్పించడం వేరు అనే సంగతి ఆనాటి కవులకే తెలుసు.

పూర్వపు కుటుంబంలో వృద్ధునికి విలువ ఉన్నమాట నిజమే. కాని ఆ విలువకు ప్రేమతోపాటు మరొక ఆధారం కూడా ఉండేది. పొలం అతని పేర ఉండేది. కొడుకులు ఆ పొలంలోనే పని చేసేవారు. ఆస్తి, వృత్తి, నివాసం ఈ మూడూ ఒకే చోట ముడిపడి ఉన్నంతకాలం పెద్దవాని మాట చెల్లినది. ఈ ముడి విడిపోవడమే నేటి మార్పు. కొడుకు జీతం తండ్రి పొలంనుంచి రావడం లేదు. వందల, వేల మైళ్ళ దూరాన ఉన్న ఒక కంపెనీనుంచో, కట్టడపు పనినుంచో వస్తున్నది.

ఈ మార్పు హిమాలయాలనుంచి సింహళం వరకు అంతటా కనిపిస్తున్నది. నేపాలులో కొండ గ్రామాల యువకులు మలేషియాకు, గల్ఫు దేశాలకు పోతున్నారు. ఆ దేశపు స్థూల ఉత్పత్తిలో ఇంచుమించు నాలుగవ వంతుతో తూగేటంత సొమ్ము వారు ఇంటికి పంపుతున్నారు. ఊళ్ళలో మిగిలినవారు పసివారు, ముసలివారు. భూటానులో తాళం వేసి వదలిపోయిన ఇంటిని గుంగ్‌టాంగ్ అంటారు. పల్లెలలో అటువంటి ఇళ్ళు పెరగడం ఆ చిన్న దేశపు ప్రభుత్వాన్ని కలవరపెడుతున్న సమస్య. శ్రీలంకలో వలస స్త్రీలది. 1970ల చివరినుంచి వేలాదిమంది తల్లులు ఇంటిపనులకోసం పశ్చిమాసియాకు వెళ్ళారు. వారి పిల్లలను పెంచే బాధ్యత అమ్మమ్మలమీద పడినది. తనను చూసుకోవలసిన వయస్సులో ఆమె మరొక తరాన్ని చూసుకోవలసి వచ్చినది. తెలుగు నాట కరీంనగరం, నిజామాబాదు ప్రాంతాలనుంచి గల్ఫుకు, పాలమూరునుంచి దేశంలోని నాలుగు మూలలకు, కోస్తా జిల్లాలనుంచీ హైదరాబాదునుంచీ అమెరికాకు పోయినవారి ఇళ్ళలోనూ కథ ఇదే. పోయినవారు అందరూ కృతఘ్నులు కారు. వారిలో చాలమంది నెలనెలా సొమ్ము పంపుతూనే ఉన్నారు. పంపలేనిది ఒక్కటే: రాత్రివేళ జ్వరం వస్తే లేచి నీళ్ళు ఇచ్చే చెయ్యి.

బిడ్డల తప్పుకు సాక్ష్యం

ఇల్లు కదిలిపోయినదని గ్రహించిన ప్రభుత్వాలు మొదట పట్టుకున్న సాధనం చట్టం. దాని వెనుక ఉన్న ఊహ సులభమైనది. తల్లిదండ్రులను పోషించడం బిడ్డల విధి. విధి తప్పినవానిని దండించే అధికారం ఉంటే ఆ విధి నెరవేరుతుంది. భారతదేశంలో 1956నాటి హిందూ దత్తత, పోషణ చట్టం వృద్ధులైన తల్లిదండ్రుల పోషణను కొడుకులకూ కూతుళ్ళకూ విధించినది. 1973నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడు 125వ సెక్షను మతభేదం లేకుండా అందరికీ ఆ హక్కు ఇచ్చినది. వివాహిత అయిన కూతురు కూడా ఆ సెక్షను క్రింద బాధ్యురాలేనని సుప్రీంకోర్టు 1987లో తీర్పు చెప్పినది. ఈ మార్గాలు దీర్ఘమైనవి, ఖర్చుతో కూడినవి కావడంతో 2007లో పార్లమెంటు తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టాన్ని ఆమోదించినది.

ఈ చట్టంలో ఆలోచించి చేసిన ఏర్పాట్లు కొన్ని ఉన్నవి. వృద్ధులు కోర్టు మెట్లు ఎక్కనక్కరలేదు. రెవెన్యూ డివిజను స్థాయిలో ఏర్పడే ట్రిబ్యునలుకు అర్జీ ఇస్తే చాలు. వకీళ్ళకు ప్రవేశం లేదు. తొంభై రోజులలో మధ్యంతర పోషణ అర్జీ తేలవలె. నెలకు 10,000 రూపాయల వరకు పోషణ విధించవచ్చు. బిడ్డలు లేనివారు తమ ఆస్తికి వారసులు కాబోయే బంధువులను అడగవచ్చు. వృద్ధులను దిక్కులేకుండా వదలివేసినవారికి మూడు నెలల వరకు జైలు శిక్ష ఉన్నది. అన్నిటికంటె ముఖ్యమైనది 23వ సెక్షను. తమను చూసుకోవలెననే షరతుతో బిడ్డలకు ఆస్తి వ్రాసి ఇచ్చిన పిమ్మట వారు ఆ మాట తప్పినట్లయితే ఆ దానపత్రాన్ని రద్దు చేయించుకోవచ్చు. మధ్యప్రదేశ్‌లోని ఒక తల్లి కేసులో సుప్రీంకోర్టు 2025 జనవరిలో ఈ సెక్షనును ఉదారంగా అన్వయించి, దానపత్రాన్ని రద్దుచేయడమే గాక ఆస్తిని తిరిగి ఆమె వశం చేయవలెనని ఆదేశించినది. ఉన్నదంతా వ్రాసి ఇచ్చి వీధిన పడిన వృద్ధులకు ఇది చిన్న ఊరట కాదు.

ఇరుగుపొరుగు దేశాలలోనూ ఇటువంటి చట్టాలే వచ్చినవి. శ్రీలంక 2000 సంవత్సరంలో వృద్ధుల హక్కుల పరిరక్షణ చట్టం చేసి, పోషణ కోరే అర్జీలను విచారించడానికి ఒక బోర్డును ఏర్పాటు చేసినది. బంగ్లాదేశ్ 2013లో తల్లిదండ్రుల పోషణ చట్టం చేసినది. వారి ఇష్టానికి వ్యతిరేకంగా వృద్ధాశ్రమానికి పంపడాన్ని నిషేధించినది. విధి తప్పిన బిడ్డలకు లక్ష టకాల వరకు జరిమానా విధించినది. పాకిస్తానులో 2021 మే నెలలో వచ్చిన ఆర్డినెన్సు తల్లిదండ్రులను ఇంటినుంచి వెళ్ళగొట్టిన బిడ్డలకు ఏడాది వరకు జైలు శిక్ష విధించవచ్చునన్నది. భారతదేశంలోనే అస్సాం రాష్ట్రం 2017లో మరొక మార్గం తొక్కినది. తల్లిదండ్రులను పట్టించుకోని ప్రభుత్వోద్యోగి జీతంలో పదవ వంతు కోసి నేరుగా వారికే ఇచ్చే చట్టం చేసినది.

ఈ చట్టాలు అనవసరమని అనలేము. అయితే వీటన్నిటికీ ఒక సామాన్యమైన బలహీనత ఉన్నది. చట్టం కదలవలెనంటే తల్లి కన్నబిడ్డమీద ఫిర్యాదు చేయవలె. బంగ్లాదేశ్ చట్టం క్రింద బాధితులైన తల్లి గాని తండ్రి గాని వ్రాతపూర్వకంగా ఫిర్యాదు చేస్తేనే కోర్టు విచారణకు పూనుకుంటుంది. అడగనిదే అమ్మయినా పెట్టదని సామెత. ఇక్కడ సామెత తలక్రిందులై అమ్మయే అడగవలసి వచ్చినది, అదికూడా అధికారి ఎదుట, కొడుకు తప్పు చేశాడని వాఙ్మూలం ఇచ్చి. కడుపుతీపి అనే మాట ఉన్న సమాజంలో ఎంతమంది తల్లులు ఆ పని చేస్తారు? చేసిన తల్లి సాయంకాలానికి తిరిగి ఏ ఇంటికి పోతుంది? ట్రిబ్యునలు నెలకు ఇంత అని తీర్పు చెప్పగలదు గాని ఆ రాత్రి వడ్డించే చేతికి మెత్తదనం తేలేదు.

మరొక చిక్కు కూడా ఉన్నది. తప్పు అంతా బిడ్డలదేనని భావించే చట్టం, ఇవ్వడానికి ఏమీ లేని బిడ్డను ఏమి చేస్తుంది? కూలిచేసి నలుగురు పిల్లలను సాకే కొడుకుకు పదివేల పోషణ విధించడం కాగితానికే పరిమితం. ఇక ఇంటిలోపల మరొక బలహీనురాలు ఉన్నది. ఆమె కోడలు. వృద్ధుల చట్టాన్ని ఆసరా చేసుకుని కోడలిని ఇల్లు వెళ్ళగొట్టే ప్రయత్నాలు జరిగినవి. అటువంటి ఒక కేసులో సుప్రీంకోర్టు 2020 డిసెంబరులో, గృహహింస చట్టంవల్ల కోడలికి సంక్రమించిన నివాస హక్కును వృద్ధుల చట్టం పేరిట తుడిచివేయరాదని చెప్పవలసి వచ్చినది. ఒక ఆడుదాని రక్షణ మరొక ఆడుదాని నిరాశ్రయత కారాదనే ఆ తీర్పు చట్టపు పరిమితిని కూడా తెలియజేస్తున్నది.

పేదరికానికి సాక్ష్యం

రెండవ సాధనం పింఛను. ప్రభుత్వోద్యోగం చేసినవారికి పింఛను ఉన్నది. పొలంలో, మగ్గంమీద, పడవలో, పరుల ఇళ్ళలో పనిచేసినవారికి అది లేదు. దక్షిణాసియాలో శ్రమించేవారిలో అత్యధికులు వీరే. వీరికి పన్నులనుంచి ఎంతో కొంత ఇవ్వవలెననే ఆలోచన స్వాతంత్ర్యానంతరం రాష్ట్రాలలో మొదలైనది. 1957లో ఉత్తరప్రదేశ్ దీనికి దారి చూపినది. భారత ప్రభుత్వం 1995 ఆగస్టు 15న జాతీయ వృద్ధాప్య పింఛను పథకం ప్రారంభించినది. నెలకు 75 రూపాయలు. అయితే అది ఎవరికి? స్వంత ఆదాయం గాని, కుటుంబంనుంచి ఆధారం గాని లేని నిరాధారులకు. అనగా ఆ 75 రూపాయల కోసం వృద్ధుడు తన కుటుంబం తనను పోషించడం లేదని ఒప్పుకోవలసి వచ్చినది. కొడుకు ఉన్న ఇంట కూర్చుని కొడుకు లేనట్లు చెప్పుకోవడం కొందరికి అబద్ధం, మరికొందరికి అవమానం. 2007లో ఈ నిబంధన మారి దారిద్ర్యరేఖకు దిగువన ఉన్న కుటుంబాలలోని వృద్ధులందరికీ పథకం వర్తించినది. 2011లో వయస్సు అరవై ఐదునుంచి అరవైకి తగ్గినది. కాని సాక్ష్యం మాత్రం పోలేదు. నిరాధారుడనని చెప్పుకోవడానికి బదులు జాబితాలో పేరు ఉన్నదని చూపుకోవలె. జాబితా తయారుచేసినవాడు పొరపాటు పడితే దాని ఫలితాన్ని అనుభవించేది వృద్ధుడే.

కేంద్రం ఇచ్చే మొత్తం 2006లో 200 రూపాయలు అయినది. ఎనభై ఏండ్లు నిండినవారికి 2011లో 500 రూపాయలు చేశారు. తక్కినవారికి ఆ 200 రూపాయల అంకె పదిహేనేండ్లు దాటినా కదలలేదు. బియ్యం ధర, కందిపప్పు ధర, రక్తపుపోటు బిళ్ళల ధర ఆగినవి కావు.

బంగ్లాదేశ్‌లో వృద్ధాప్య భృతి 1997–98లో మొదలైనది. నెలకు వంద టకాలు. ప్రతి వార్డుకు పదిమందిని ఎన్నుకోవలె. వారిలో సగం మంది స్త్రీలు కావలె. స్త్రీలకు సగం అనే నియమం మెచ్చదగినది. కాని పదిమందే అన్న నియమంవల్ల పదకొండవ వృద్ధురాలు తాను పేదనని చెప్పుకుంటే చాలదు. పదవ ఆమెకంటె పేదనని చెప్పుకోవలె. ఒకే వీధిలో కలిసి ముసలివారైన ఇద్దరి మధ్య అటువంటి పోటీ పెట్టడం ఏ పథక రచయిత కూడా కోరి చేసిన పని కాకపోవచ్చు. కాని ఫలితం అదే. తరువాతి కాలంలో ఆ పథకం చాల విస్తరించినది. మొదట నాలుగు లక్షల మందితో ఆరంభమై, 2025–26 బడ్జెటు నాటికి అరవై ఒక్క లక్షల మందికి చేరినది; భృతి 650 టకాలు అయినది; 2021నుంచి సొమ్ము మొబైలు ఫోనుల ద్వారా నేరుగా అందుతున్నది. మధ్యవర్తి చేయి తగ్గడం నిజమైన మేలు. అయినా 650 టకాలతో నెల గడవదు.

కష్టపడేకాలంలోనే దాచుకుంటే ముసలితనంలో చేయి చాపనక్కరలేదు కదా అనే వాదం కూడా ఉన్నది. దానికి అనుగుణంగా భారతదేశంలో 2015లో అటల్ పింఛను యోజన, బంగ్లాదేశ్‌లో 2023 ఆగస్టులో సార్వజనీన పింఛను పథకం వచ్చినవి. శ్రీలంక అంతకు చాల ముందే, 1987లో రైతులకు, 1990లో మత్స్యకారులకు చందా పింఛనులు పెట్టినది. ఇవి రేపటి వృద్ధులకు ఉపకరించవచ్చు. కాని నేడు డెబ్బది దాటిన కూలిమనిషి గడచిన నలభై ఏండ్లలో దాచుకోలేకపోయిన సొమ్మును ఇప్పుడు దాచుకోలేడు. దాచుకున్నదానికి కూడా కాలం పరీక్ష పెడుతుంది. శ్రీలంకలో 2022 ఆర్థిక సంక్షోభ సమయంలో ధరలు ఏడాదిలో ఇంచుమించు డెబ్బది శాతం పెరిగినవి. జీవితమంతా కూడబెట్టినవారి వడ్డీ కొన్ని నెలలలో కరగిపోయినది.

వయస్సే సాక్ష్యం

ఈ దేశాలలో ధనబలం తక్కువైన వాటిలో ఒకటి నేపాలు. ఆ దేశం వేరొక మార్గం ఎన్నుకున్నది. 1994 చివరలో మన్‌మోహన్ అధికారి ప్రధానిగా ఏర్పడిన మైనారిటీ ప్రభుత్వం డెబ్బది ఐదు సంవత్సరాలు నిండిన ప్రతి పౌరునికి నెలకు వంద రూపాయల భృతి ప్రకటించినది. పేద, గొప్ప తేడా లేదు; కొడుకులు ఉన్నారా లేరా అన్న విచారణ లేదు. ఆనాడు నేపాలులో సగటు ఆయుర్దాయం అరవై ఏండ్లు కూడా లేదు గనుక ఆ భృతిని అందుకునేవారు కొద్దిమందే. ఆ ప్రభుత్వం తొమ్మిది నెలలే నిలిచినది. కాని దాని తరువాత వచ్చిన ఏ ప్రభుత్వమూ, ఏ పక్షానిదైనా, ఆ భృతిని తీసివేయడానికి సాహసించలేదు. అంతర్యుద్ధం వచ్చినది, రాచరికం పోయినది, రాజ్యాంగం మారినది. ముసలివారి భృతి నిలిచినది. 2008లో వయస్సు డెబ్బదికి, దళితులకూ కర్నాలీ ప్రాంతం వారికీ అరవైకి తగ్గినది. 2021లో మొత్తం 4,000 నేపాలీ రూపాయలకు పెరిగినది. అది భారత రూపాయలలో 2,500. మరుసటి సంవత్సరం వయస్సు అరవై ఎనిమిదికి దిగినది.

నేపాలు పద్ధతిలో లోపాలు లేకపోలేదు. వయస్సుకు సాక్ష్యం పౌరసత్వ పత్రం. ఆ పత్రం లేనివారికి భృతి లేదు. పూర్వం భర్త ద్వారానో తండ్రి ద్వారానో పత్రం పొందవలసి వచ్చిన స్త్రీలలో అది లేనివారు కొందరు. కొండ దారులలో బ్యాంకు దాకా నడవడమే ఒక పరీక్ష. వృద్ధుల సంఖ్య పెరిగేకొద్దీ ఖజానా మీద బరువు పెరుగుతున్నది. ధనవంతుడైన వృద్ధునికి కూడా ఎందుకు ఇవ్వవలెనని అడిగేవారు అక్కడా ఉన్నారు.

ఆ ప్రశ్న తోసివేయదగినది కాదు. కాని దానికి సమాధానం ఉన్నది. ధనవంతునికి ఇచ్చినది పన్ను రూపంలో తిరిగి రాబట్టవచ్చు. జాబితానుంచి జారిపోయిన పేదరాలికి ఇవ్వనిది మాత్రం తిరిగి ఇవ్వడానికి ఆమె ఉండకపోవచ్చు. అంతకు మించినది మరొకటి. అందరికీ వచ్చేది అందుకోవడంలో తలవంపు లేదు. వీధిలో షావుకారు తండ్రీ, కూలివాని తండ్రీ ఒకే వరుసలో నిలబడి అందుకున్న సొమ్ము భిక్ష కాదు, హక్కు. నేపాలులో ఆ భృతి ఇన్ని రాజకీయ తుపానులను తట్టుకుని నిలవడానికి కారణం కూడా ఇదే కావచ్చు. పేదలకు మాత్రమే చెందిన పథకానికి పేదలే కాపలా; అందరికీ చెందిన పథకానికి అందరూ కాపలా.

తెలుగు నాట ఒకటవ తేదీ

తెలుగు రాష్ట్రాలు ఈ విషయంలో మధ్యస్థమైన మార్గాన నిలిచినవి. పేదరికపు సాక్ష్యం ఇక్కడ పోలేదు. తెల్లకార్డు, ఆదాయపు లెక్క ఇప్పటికీ అడుగుతారు. అయితే మొత్తం విషయంలో రాష్ట్రాలు కేంద్రాన్ని చాల వెనుకకు వదలినవి. తెలంగాణలో 2014లో ఆసరా పథకంతో వేయి రూపాయలైన వృద్ధాప్య పింఛను 2019లో 2,016 రూపాయలు అయినది. ఆంధ్రప్రదేశ్‌లో 2014లో వేయి రూపాయలైనది 2024 జులైనుంచి 4,000 రూపాయలు అయినది. ప్రతి ఎన్నికలలోను పక్షాలు ఈ అంకెమీద పోటీ పడ్డవి. ఓట్ల కోసం పోటీ అని దీనిని తేలికగా తీసిపారవేసేవారున్నారు. కాని ఓటు తప్ప మరే ఆయుధమూ లేని వృద్ధులు ఆ ఓటుతో సాధించుకున్నది ఇది. పోటీ లేని చోట 200 రూపాయల అంకె ఎట్లా నిద్రపోయినదో కళ్ళెదుట ఉన్నది.

ఆంధ్రప్రదేశ్‌లో 2020 ఫిబ్రవరినుంచి ఒకటవ తేదీన పింఛనును ఇంటికి తెచ్చి ఇచ్చే పద్ధతి వచ్చినది. దీని విలువ 2024 ఏప్రిల్, మే నెలలలో అందరికీ తెలిసివచ్చినది. ఎన్నికల సమయపు ఆంక్షల వల్ల ఆ పద్ధతి ఆగినప్పుడు, మండుటెండలో వృద్ధులు సచివాలయాల చుట్టూ, బ్యాంకుల చుట్టూ తిరగవలసి వచ్చినది. తరువాత సచివాలయ సిబ్బంది ద్వారా ఇంటివద్ద పంపిణీ తిరిగి మొదలైనది. సొమ్ము ఎంత అనేదానితో సమానంగా అది ఏ రోజున, ఏ చేతుల మీదుగా, ఎంత నడిపించి వస్తున్నదనేది కూడా ముఖ్యమేనని ఆ రెండు నెలలు నిరూపించినవి.

పింఛను సొమ్ము వృద్ధుని పోషణకే పోదు. అందులో కొంత మనుమరాలి చేతిలో పడుతుంది, కొంత ఇంటి సరకుల క్రింద పోతుంది. దీనిని దుర్వినియోగం అనుకోవడం పొరపాటు. ఇంట్లో తన వంతు తాను ఇచ్చే మనిషికి ఆ ఇంట్లో మాట చెల్లుతుంది. పూర్వం పొలం ఇచ్చిన విలువలో కొంత భాగాన్ని నేడు ఒకటవ తేదీ ఇస్తున్నది. ప్రభుత్వ సహాయం వస్తే కుటుంబ ప్రేమ తగ్గుతుందని శంకించేవారు ఈ సంగతి గమనించవలె. చేతిలో సొమ్ము ఉన్న ముసలిదానిని భారమని అనడం తేలిక కాదు.

డబ్బు చేయలేని పని

పింఛను ఎంత పెంచినా తీరని అవసరం ఒకటి మిగిలిపోతున్నది. మంచం పట్టిన మనిషిని లేపి కూర్చోబెట్టడం, స్నానం చేయించడం, పక్షవాతం వచ్చిన కాలును రోజూ కదిలించడం, మతి తప్పిన వృద్ధుడు వీధిలోకి పోకుండా కనిపెట్టి ఉండడం, ఇవన్నీ మనిషి చేతులు చేయవలసిన పనులు. ఈ చట్టాలలో బిడ్డలు అని వ్రాసి ఉన్నది. ఇంట్లో మాత్రం ఆ చేతులు కోడలివి, కూతురివి, తాను కూడ ముసలిదైన భార్యవి. ఈ శ్రమ ఏ బడ్జెటులోనూ కనబడదు. కనబడదు గనుక ఉచితమని అందరూ అనుకున్నారు. ఆ స్త్రీ పనికి పోవలసి వచ్చిననాడు, లేదా ఆమెయే మంచాన పడిననాడు, ఉచితమనుకున్నదాని వెల తెలుస్తున్నది.

వృద్ధాశ్రమాలు దీనికి సమాధానం కాలేకపోయినవి. భారతీయ చట్టం ప్రతి జిల్లాలో కనీసం నూటయాభై మంది దిక్కులేని వృద్ధులకు చోటిచ్చే ఆశ్రమాలను గురించి చెప్పినది గాని, రాష్ట్రాలు ఏర్పాటు చేయవచ్చునన్నదే తప్ప చేసి తీరవలెనని కట్టడి చేయలేదు. కాఠ్మండూలో పశుపతినాథుని ఆలయం చెంతనే ప్రభుత్వం నడిపే వృద్ధాశ్రమం ఉన్నది; అక్కడ చేరగలిగేవారు దేశంలోని నిరాశ్రయులలో కొద్దిమంది మాత్రమే. సంపన్నులకోసం హైదరాబాదు పరిసరాలలో వెలసిన ఆశ్రమాల ఖర్చు మధ్యతరగతికి అందదు. పైగా చాలమంది వృద్ధులు కోరుకునేది తమ గడప దాటి పోవడం కాదు, ఆ గడపలోపలికి సహాయం రావడం.

అటువంటి సహాయం సాధ్యమేనని కేరళ చూపినది. 1993లో కోళిక్కోడులో కొందరు వైద్యులు, సేవకులు కలిసి నయంకాని జబ్బులవారికి ఉపశమన చికిత్స ప్రారంభించారు. అది క్రమంగా ఇరుగుపొరుగువారి ఉద్యమమై, 2008లో రాష్ట్ర ప్రభుత్వ విధానంగా రూపొందినది. పంచాయతీ నియమించిన నర్సు ఇంటింటికీ వస్తుంది. ఊరి స్వచ్ఛంద సేవకులు తోడు నిలుస్తారు. మంచం పట్టినవాని పుండు కడగడానికి అతని కొడుకు మంచివాడా చెడ్డవాడా అని ఎవరూ అడగరు. శ్రీలంకలోనూ ఇటువంటి పునాది ఉన్నది. ప్రభుత్వాసుపత్రులలో వైద్యం ఉచితం గనుక ముసలితనపు పెద్ద ఖర్చు కోసం అందరూ బిడ్డల ముఖం చూడనక్కరలేదు. జాతీయ వృద్ధుల మండలి ప్రోత్సాహంతో గ్రామ స్థాయినుంచి పెద్దల సంఘాలు ఏర్పడినవి. భారతదేశంలో డెబ్బది ఏండ్లు నిండినవారందరికీ, ఆదాయంతో నిమిత్తం లేకుండా, అయిదు లక్షల రూపాయల వరకు ఆసుపత్రి వైద్యం కల్పించే ఏర్పాటు 2024 అక్టోబరులో వచ్చినది. ఇక్కడ మాత్రం సాక్ష్యం వయస్సు ఒక్కటే. కాని అది ఆసుపత్రిలో చేరినప్పటి మాట. ఆసుపత్రినుంచి తిరిగి వచ్చిన తరువాత ఇంటిలో గడపవలసిన నెలల సంగతి అందులో లేదు.

ఏది ముందు, ఏది వెనుక

ఈ దేశాల అనుభవాన్ని ఒకచోట చేర్చి చూస్తే లోపం సాధనాలలో కంటె వాటిని పేర్చిన వరుసలో ఉన్నట్లు కనిపిస్తుంది. బిడ్డల విధి అనే దానిని మొదట నిలబెట్టి, అది విఫలమైనప్పుడు పేదరికపు పింఛనును, అదీ చాలనప్పుడు ఆశ్రమాన్ని చూపుతున్నారు. ప్రతి మెట్టు దగ్గరా వృద్ధుడు అంతకు ముందరి మెట్టు విరిగినదని రుజువు చేయవలె. బిడ్డల ప్రేమ విరిగినదని ఒక అధికారికి, బ్రతుకు విరిగినదని మరొక అధికారికి చెప్పుకుని, చివరకు మిగిలిన కొద్దిపాటి ఆత్మగౌరవాన్ని కాగితాల క్రింద పెట్టి రావలె.

వరుస తిరగవేయవలె. వయస్సును మాత్రమే అడిగి, ధరలతోపాటు పెరిగే పింఛను మొదట ఉండవలె. గడపలోపలికి వచ్చి చేయి అందించే శిక్షణ పొందిన మనిషి ప్రతి ఊరిలోనూ, జీతం తీసుకుని పనిచేసే ఉద్యోగిగా ఉండవలె. ఆమె వచ్చిన పూట కోడలికి విశ్రాంతి దొరకవలె. చట్టం చివర ఉండవలె. దగాపడి ఆస్తి పోగొట్టుకున్నవారికి, దెబ్బలు తిన్నవారికి, వదలివేయబడినవారికి అది తప్పనిసరి. కాని సామాన్యమైన ముసలితనానికి అది ప్రవేశద్వారం కారాదు.

అప్పుడు కుటుంబానికి ఏమి మిగులుతుందని అడగవచ్చు. కుటుంబానికి దాని అసలు పని మిగులుతుంది. కూడూ గుడ్డా మందూ ఎవరివల్ల రావలెననే లెక్క ఇంటినుంచి తొలగిపోతే, కొడుకు తండ్రి దగ్గర కూర్చునేది బాకీ తీర్చడానికి కాదు, మాట్లాడడానికి. దూరదేశంనుంచి వచ్చే ఫోను సొమ్ము అందినదా అనే ప్రశ్నతో మొదలు కానక్కరలేదు. ధర్మరాజు పెట్టిన భోజనం ధృతరాష్ట్రునికి చాలినది. చాలనిది మర్యాద. ఆ మర్యాదను బిడ్డల చేత బలవంతాన చేయించే చట్టం ఏ దేశమూ చేయలేదు. కాని దానిని అడుక్కోవలసిన అగత్యం వృద్ధులకు లేకుండా చేయడం మాత్రం ప్రభుత్వాల చేతిలో ఉన్న పని.